ద్విచక్ర వాహనములు – ఒక చిన్నచూపు



ఒకనాడు తరగతిలో "మా యింటి వాహనము" అను విషయముపై వ్యాసము వ్రాయించితిని. ఒక బాలుడు తమ యింటి మోటారు సైకిలును గూర్చి రెండు పుటలు చక్కగా వర్ణించెను. దాని చప్పుడు, దాని వేగము, మన కొండదారి ఎక్కునపుడు అది చూపు బలము, అన్నియు వ్రాసెను. వ్యాసము బాగున్నది. కాని సాయంకాలము ఆ బాలుని తండ్రి వానిని ఎక్కించుకొని పోవునది పాత స్కూటరు అని నేను ఎఱుగుదును. వానిని పిలిచి అడిగితిని.

"ఏమబ్బీ, మోటారు సైకిలు ఎప్పుడు కొన్నారు?"

వాడు తల వంచుకొని, "లేదు సార్. మా నాయనకి స్కూటరే ఉండాది. అట్ల రాస్తే నగుతారు సార్" అనెను.

"ఎవరు నగుతారు?"

"బైకులు ఉన్నోళ్లు సార్."

ఈ మాట నా మనస్సున చాల దినములు నిలిచినది. రెండు చక్రములే గల ఒక వాహనము మీద కూర్చున్నవాడు, రెండు చక్రములే గల మఱియొక వాహనము మీద కూర్చున్నవానిని ఏల తక్కువగా చూడవలెను? ఈ చిన్నచూపు మన ఊరిలో మాత్రమే కలదా? లోకములో మఱెక్కడనైనను ఉన్నదా? దీనిని వట్టి నీతివాక్యములతో విడువక, ఒక పాఠమువలె పరిశీలింతము.

రెండు వాహనముల పుట్టుక

మోటారు సైకిలు వయస్సున పెద్దది. 1885లో జర్మనీ దేశపు గాట్లీబ్ డైమ్లరు, విల్హెల్మ్ మేబాఖ్ అనువారు కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రమును బిగించి నడిపిరి. అటుపిమ్మట ఇనుప గొట్టముల చట్రము, గొలుసు, పెద్ద చక్రములు వచ్చి, నేడు మనము చూచు రూపము ఏర్పడినది. రెండు ప్రపంచ యుద్ధములలోను వార్తాహరులు దానిపైననే పరుగులు తీసిరి. అందుచేత దానికి సైనికుని గౌరవము అంటుకొన్నది.

స్కూటరు పుట్టుక వేఱు. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి ఇటలీ దేశము చితికిపోయి యుండెను. పాంటెడెరా పట్టణములో విమానములు చేయు పియాజియో కర్మాగారము బాంబుల దెబ్బ తిన్నది. ప్రజలకు చవుకగా దొరకు వాహనము కావలసి వచ్చినది. ఎన్రికో పియాజియో ఆ పనిని కొరాడీనో డాస్కానియో అను ఇంజనీరునకు అప్పగించెను. ఈయన హెలికాప్టరు నిర్మాణములో ఆద్యులలో ఒకడు. విశేష మేమనగా, ఈయనకు మోటారు సైకిలు అనిన ఇష్టము లేదు. గొలుసునుండి నూనె బట్టలకు అంటును, టైరు మార్చుట కష్టము, కూర్చొనుట అసౌకర్యము అని ఆయన భావము. కావున గొలుసే లేకుండ, బురద కాళ్లపై పడకుండ ముందు రేకు ఉండునట్లు, కాలు ఎత్తి దాటనక్కఱలేక నేరుగా ఎక్కునట్లు ఒక బండిని గీసెను. విమానపు చక్రమువలె ముందుచక్రమును ఒక ప్రక్కనే పట్టి నిలిపెను. 1946లో వెలువడిన ఆ బండికి 'వెస్పా' అని పేరు. ఇటలీ భాషలో కందిరీగ అని అర్థము. మఱుసటి యేడు మిలాను నగరమునుండి లాంబ్రెటా వచ్చినది.

చూచితిరా! స్కూటరు మోటారు సైకిలునకు చేతకాని తమ్ముడు కాదు. మోటారు సైకిలులోని లోపములను చూచి, వానిని తొలగింపగోరి ఒక మేధావి బుద్ధిపూర్వకముగా కల్పించినది.

నిర్మాణభేదము

అట్లని రెండును సమానమే అని చెప్పుట సత్యము కాదు. భేదములు కలవు. వానిని లెక్కతో తెలిసికొందము.

పాత బజాజ్ చేతక్ స్కూటరు టైరుపై 3.50–10 అని ఉండును. అనగా లోపలి చట్రపు వ్యాసము 10 అంగుళములు, టైరు మందము మూడున్నర అంగుళములు. రెండు ప్రక్కల మందము చేర్చిన మొత్తము వ్యాసము సుమారు 17 అంగుళములు. అనేక మోటారు సైకిళ్ల టైరుపై 3.00–18 అని ఉండును. దాని మొత్తము వ్యాసము సుమారు 24 అంగుళములు.

ఇప్పుడు దారిలో 2 అంగుళముల ఎత్తుగల రాయి యున్నదనుకొనుడు. చిన్నచక్రము ఆ రాతిని ఎక్కుటకు మొదట సుమారు 40 డిగ్రీల వాలున పైకి లేవవలెను. పెద్దచక్రమునకు సుమారు 34 డిగ్రీలు చాలును. రాతిదారిలో స్కూటరు ఎక్కువగా ఎగిరిపడుటకు ఇది యొక కారణము. పైగా వెస్పా వంశపు స్కూటర్లలో యంత్రము వెనుకచక్రమునకు కుడిప్రక్కన ఉండును. బరువు నడుమ నుండదు. మోటారు సైకిలులో యంత్రము రెండు చక్రముల మధ్య, తొక్కువాని మోకాళ్ల దగ్గఱ ఉండును. కావున వేగముగా పోవునపుడును, మలుపులయందును మోటారు సైకిలు నిలుకడ మిన్న.

మఱి స్కూటరునకు గల మేలు లేవి? కాళ్ల ముందు సమతలముగా స్థలము కలదు. జొన్నల మూట, కూరల సంచి అక్కడ ఇమిడిపోవును. పాత స్కూటర్లకు అదనపు చక్రము వెంట ఉండెడిది. నడిదారిలో గాలి పోయినను ఇల్లు చేరవచ్చును. చీర కట్టిన స్త్రీలును, పంచె కట్టిన వృద్ధులును ఇబ్బంది లేక నడుపవచ్చును.

ఇందువలన తేలిన దేమి? ఒకటి దూరపు దారికి, వేగమునకు అనువు. ఒకటి ఊరిలో సంసారపు పనికి అనువు. నాగలి మేలా, బండి మేలా అని ఏ రైతును వాదింపడు. ఏ పనికి ఏది అని మాత్రమే చూచును.

గౌరవము మారిన విధము

మన దేశములో ఈ రెండు వాహనముల కథ వింతయైనది. 1950 దశకములో భారత సైన్యము సరిహద్దుల కాపలాకై బుల్లెట్ మోటారు సైకిళ్లను కోరెను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి వానిని తయారు చేయసాగినది. 1960 దశకము ప్రారంభములో మన మైసూరు నగరముననే ఐడియల్ జావా కర్మాగారము వెలసినది. జావా, తరువాత యెజ్డీ అను పేర్లతో దాని బండ్లు దక్షిణదేశ మంతట తిరిగినవి. 1996లో అది మూతపడినది. సైనికులు, పోలీసులు, పెద్ద రైతులు, సాహసికులైన యువకులు మోటారు సైకిలుపై కనబడుచుండిరి.

స్కూటరు ఉద్యోగుల యిండ్లకు వచ్చెను. బొంబాయిలో లాంబ్రెటాలను కూర్చిరి. పియాజియో అనుమతితో బజాజ్ సంస్థ 1960 ప్రాంతమున వెస్పాలను చేయ నారంభించెను. ఆ యొప్పందము 1971లో ముగియగా, 1972లో చేతక్ అను పేరుతో స్వంత బండిని వెలువరించెను. అది రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు. తెలుగువారు సైతము వెనుకబడలేదు. హైదరాబాదులో ఆల్విన్ సంస్థ 'పుష్పక్' స్కూటరును చేసినది. తరువాత ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ పియాజియో సహకారముతో వెస్పాలను చేసినది.

ఆ దినములలో ఎన్ని బండ్లు చేయవలెనో ప్రభుత్వము అనుమతి పత్రములతో నిర్ణయించెడిది. కోరువారు వేలకు వేలు, బండ్లు కొద్ది. సొమ్ము ముందుగా కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూచిరి. పదేండ్లు నిరీక్షించినవారును కలరు. స్కూటరు వచ్చిననాడు ఇంట పండుగ. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచిరి. కట్నములో స్కూటరు అడుగు దురాచారము సైతము అప్పుడే ప్రబలినది. స్కూటరు అనగా అంతటి గౌరవము!

1985లో హీరో హోండా సంస్థ సీడీ 100 అను మోటారు సైకిలును తెచ్చెను. అది నాలుగు ఘాతముల యంత్రము. పెట్రోలులో నూనె కలుపనక్కఱలేదు. కొద్ది పెట్రోలుతో ఎక్కువ దూరము పోవును. 1990 దశకము చివరినాటికి మోటారు సైకిళ్ల అమ్మకము స్కూటర్లను మించిపోయినది. తరువాత చేతక్ తయారీ ఆగిపోయెను. ఒకప్పుడు పదేండ్లు నిరీక్షించి తెచ్చుకొన్న బండియే, కొడుకుల కాలమునకు "ముసలి బండి" అయినది. బండి మారలేదు. చూచువారి కన్ను మారినది.

అయితే కథ అంతటితో ముగియలేదు. గేరులు మార్చనక్కఱలేని కైనెటిక్ హోండా 1984 లోనే వచ్చి యుండెను. 2001లో వచ్చిన హోండా ఆక్టివా ఆ మార్గమునే విస్తరింపజేసెను. స్త్రీలు లక్షల సంఖ్యలో స్వంతముగా బండి నడుపసాగిరి. చేతక్ సైతము 2020లో విద్యుత్తుతో నడచు స్కూటరై మరల పుట్టినది. ఇప్పుడు "ముసలి బండి" అను నిందకు బదులుగా "ఆడవారి బండి" అను నింద వచ్చినది. నింద మారినను, నిందించు గుణము మారలేదు.

ఇంగ్లండులో జరిగిన కలహము

ఈ చిన్నచూపు కలహముగా మారిన సందర్భము చరిత్రలో ఒకటి కలదు. 1960 దశకములో ఇంగ్లండులోని యువకులలో రెండు వర్గములు ఏర్పడినవి. తోలు కోట్లు తొడిగి, మోటారు సైకిళ్లపై తిరుగువారికి 'రాకర్లు' అని పేరు. చక్కని సూట్లు ధరించి, అవి మాయకుండ పైన పొడుగు కోటు వేసికొని, అద్దములు అనేకము తగిలించిన వెస్పా, లాంబ్రెటాలపై తిరుగువారికి 'మాడ్లు' అని పేరు. రాకర్లు మాడ్లను సుకుమారు లనిరి. మాడ్లు రాకర్లను మోటువా రనిరి. 1964లో ఈస్టరు సెలవులకు క్లాక్టన్ సముద్రతీరమునను, మే నెలలో బ్రైటన్, మార్గేట్ తీరములయందును వీరికి ఘర్షణలు జరిగినవి. కుర్చీలు విసరుకొనిరి, అద్దములు పగిలినవి, పోలీసులు అనేకులను పట్టుకొనిరి.

పత్రికలు ఆ వార్తలను పెద్ద అక్షరములతో అచ్చువేసినవి. స్టాన్లీ కోహెన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ సంఘటనలను పరిశోధించి 1972లో ఒక గ్రంథము వ్రాసెను. జరిగినదానికంటె పత్రికలు చాల పెంచి వ్రాసినవనియు, ఆ వ్రాతల వలననే రెండు వర్గముల నడుమ గీత మఱింత లోతుగా పడినదనియు ఆయన నిరూపించెను. వారిలో చాలమంది ఒకే తీరు శ్రామిక కుటుంబముల బిడ్డలు. వారి తండ్రులు ఒకే ఫ్యాక్టరీలో ప్రక్కప్రక్కన నిలిచి పని చేసినవారు కావచ్చును. బిడ్డలు మాత్రము ఎక్కిన బండినిబట్టి శత్రువులైరి.

నేటికిని ఐరోపా, అమెరికా దేశములలో మోటారు సైకిలు నడుపువారు దారిలో ఎదురైనపుడు చేయి చూపి పలకరించుకొందురు. మంచి ఆచారము. కాని వారిలో కొందఱు స్కూటరుపై వచ్చువానికి చేయి చూపరు. వాడు తమవాడు కాడని వారి తలంపు.

చిన్నచూపునకు కారణములు

ఇట్టి తలంపు ఎట్లు పుట్టును? నాకు తోచిన కారణములు మూడు.

మొదటిది, శ్రమ వలన కలుగు గర్వము. మోటారు సైకిలును అదుపు చేయుటకు నేర్పు కావలెను. నేర్చినవానికి సంతోషము సహజము. ఆ సంతోషము తనయందే నిలిచినంతవఱకు మంచిదే. "నేర్వనివాడు తక్కువవాడు" అను మాట చేరినపుడు అది గర్వమగును.

రెండవది, ఆడ మగ భేదము. బలము పురుషునిది, సౌకర్యము స్త్రీది అని ఎవరో గీసిన గీత. ఆసుపత్రికి రాత్రి పాళికి పోవు నర్సమ్మ, ముసురులో పాఠశాలకు వచ్చు పంతులమ్మ స్కూటరుపై వచ్చుచున్నారు. వారి ధైర్యమునకు ఏమి కొదువ?

మూడవది, గుంపున చేరవలెనను కోరిక. ఇతరులను వెలివేసినచో తాను లోపలివాడనని నమ్మకము కలుగును. నగువారిలో సగము మంది తమ్మును నగుదురేమో అను భయముచేతనే నగుచుందురు.

న్యాయముగా మాటాడవలెనన్న, స్కూటరువారియందును దోషము కలదు. మోటారు సైకిలుపై పోవు ప్రతి యువకుని "పోకిరి" అని తీర్మానించుట వారికి అలవాటు. అదియును ఒక చిన్నచూపే.

చట్టము ఏమనుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టములో 'మోటారు సైకిలు' అను మాటకు నిర్వచనము చూడుడు. రెండు చక్రముల మోటారు వాహనమేదైనను మోటారు సైకిలే. ప్రత్యేకముగా స్కూటరు అను తరగతి ఆ నిర్వచనములో లేదు. లైసెన్సు ఇచ్చునపుడు గేరు కలదా, లేదా అనియే చూతురు. శిరస్త్రాణము ఇద్దఱికిని విధియే. నాలుగేండ్లు దాటిన ప్రతివారును, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్టు ధరింపవలెను. అంతకంటె చిన్నబిడ్డలను నడుపువానికి పట్టీతో కట్టి, తగిన హెల్మెట్టు పెట్టి, గంటకు 40 కిలోమీటర్లు మించకుండ పోవలెనని 2022లో నియమము చేసిరి.

తల్లిదండ్రులు ఒక విషయము గమనింపవలెను. 18 ఏండ్లు నిండనివారు స్కూటరును గాని మోటారు సైకిలును గాని నడుపరాదు. 50 సీసీ మించని చిన్న బండ్లకు మాత్రము 16 ఏండ్లు చాలును. 2019 సవరణ ప్రకారము బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడు లేక బండి యజమాని నేరస్థుడగును. 25,000 రూపాయల జుల్మానా, మూడేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును.

ఇది ఏల చెప్పుచున్నా ననగా, పరిహాసమునకు గురియైన బాలుడు ఊరకుండడు. తన ధైర్యము చూపుటకు ఎవరిదో బండి అడిగి తీసికొనును. మన దారి ఎట్టిది? ఖనిజపు లారీలు తిరుగు దారి. ఎఱ్ఱని ధూళి లేచినపుడు ఎదుట నున్నది కనబడదు. వానలో అదే ధూళి జారుడు బురదయగును. అంత ఎత్తున కూర్చున్న లారీ డ్రైవరునకు క్రింద నున్నది బుల్లెట్టా, స్కూటరా అని తెలియదు. ఆయనకు రెండును ఒక చిన్న నీడ మాత్రమే. ఆ దారిలో ఇరువురి ప్రాణమును ఒకటే. కావున స్కూటరువాడు ఆగినపుడు మోటారు సైకిలువాడు ఆగి, "ఏమైంది అన్నా?" అని అడుగుట ధర్మము. నవ్వుచు దాటిపోవుట అధర్మము.

మనము నేర్వదగినది

దోణిమలై ఒకే చోటివారి ఊరు కాదు. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1958లో ఏర్పడి, హైదరాబాదు ప్రధానస్థానముగా పనిచేయుచున్నది. 1977లో ఇచ్చట ఇనుప ఖనిజపు గని ప్రారంభమైనది. నానా ప్రాంతములవారు ఇచ్చటికి వచ్చిరి. అంతకు పూర్వమే ఈ బళ్లారి సీమలో తెలుగు మాటాడువారు తరతరములుగా కలరు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము అటు చేరినవి. తక్కిన బళ్లారి జిల్లా మైసూరు రాష్ట్రములో నిలిచినది.

ఇట్టి చోట పెరుగు మీకు చిన్నచూపు అనిన ఏమియో వేఱుగా చెప్పనక్కఱలేదు. మీలో కొందఱు బజారులో తెలుగు మాటాడునపుడు గొంతు తగ్గించుట నేను చూచితిని. గొంతు తగ్గింపనేల? కన్నడము శ్రద్ధగా నేర్వుడు. అది మనకు అన్నము పెట్టు నేల భాష, మన లిపికి తోబుట్టువు. ఇంటి భాషను మాత్రము దాచకుడు. ఇంతకంటె విచారకరమైనది మఱియొకటి కలదు. కోస్తానుండి వచ్చిన పిల్లలు ఈ సీమ పిల్లల "ఉండాది" అను మాట విని నవ్వుచున్నారు. తాము పరులచే నవ్వబడుట బాధ అని ఎఱిగియు, తమలోనే మఱియొకరిని నవ్వుచున్నారు. స్కూటరు విషయమున జరుగునదియు ఇదియే. రెండు చక్రములవాడే రెండు చక్రములవానిని నవ్వుచున్నాడు.

ఆ బాలునికి నేను శిక్ష వేయలేదు. వ్యాసమును మరల వ్రాసి తెమ్మంటిని. రెండుదినముల తరువాత తెచ్చెను. ఈసారి ఒక పుటయే. తండ్రి స్కూటరు ముందు స్థలములో జొన్నల మూట పెట్టి, వెనుక అవ్వను కూర్చుండబెట్టి సండూరునుండి మెల్లగా వచ్చుట, చలికాలపు ఉదయమున అది కదలనపుడు ఒక ప్రక్కకు వంచి మరల నిలిపి తన్నుట, అది మొరాయించి మొరాయించి మ్రోగినపుడు తండ్రి నవ్వుట వ్రాసెను. మొదటి వ్యాసముకంటె ఇది మేలైనది. తరగతిలో చదివించితిని. ఒకరిద్దఱు నవ్విరి. కాని అది వేఱు నవ్వు. తమ యింటి స్కూటరు సైతము అట్లే మొరాయించునని వారు చెప్పిరి.

అభ్యాసము

1. టైరుపై 3.50–10 అని యున్న చక్రము ఒక కిలోమీటరు దూరము పోవుటకు సుమారు ఎన్నిసార్లు తిరుగును? 3.00–18 అని యున్న చక్రము ఎన్నిసార్లు తిరుగును? (ఒక కిలోమీటరు 39,370 అంగుళములు.)

2. డాస్కానియో మోటారు సైకిలునందు చూచిన లోపము లేవి? వానిని ఎట్లు తొలగించెను?

3. 1964లో ఇంగ్లండు యువకుల కలహమును పత్రికలు ఎట్లు పెంచినవి? ఇట్టిది మన బడిలో జరుగకుండ మీరేమి చేయుదురు?

4. మీ యింటి వాహనమును గూర్చి ఉన్నది ఉన్నట్లు ఒక పుట వ్రాయుడు. వాహనము లేనివారు తమ నడకను గూర్చి వ్రాయుడు.